కాలడిపేట: మగ్గాల కోసం కట్టిన ఊరు

కాలడిపేట చెన్నైకి ఉత్తరాన, తిరువొత్తియూరును ఆనుకుని, సముద్రానికి దగ్గరలో ఉన్న చిన్న పేట. ఇప్పుడు చెన్నై కార్పొరేషన్ ఒకటో మండలంలో భాగం. మెట్రో రైల్లో పోయేవాళ్ళకు టోల్‌గేట్ తరువాత వచ్చే స్టేషన్ పేరు. ఈస్టిండియా కంపెనీ గవర్నరు ఒకాయన నేతగాళ్ళనూ అద్దకంవాళ్ళనూ కాపురం పెట్టించడానికి ప్రత్యేకంగా కట్టించిన ఊరు ఇది. పుట్టి మూడు వందల ఏళ్ళు దాటింది.

ముందుగా నా తప్పు ఒకటి దిద్దుకోవాలి. చాలా ఏళ్ళ కిందట మా సంఘం వార్షికోత్సవ సంచికలో ఉత్తర మద్రాసు పేటల మీద ఒక వ్యాసం రాస్తూ, కాలడిపేట అచ్చతెలుగు పేరనీ, కాలు, అడుగు అన్న మాటల నుంచి వచ్చిందనీ నేనే రాశాను. ఎవరూ కాదనలేదు. సంచిక ఇంటింటికీ వెళ్ళింది. ఆ తరువాత ఇద్దరు ముగ్గురు అదే మాటను తమ ఉపన్యాసాల్లో చెప్పగా విన్నాను. అది తప్పు. ఆ పేరు తెలుగూ కాదు, తమిళమూ కాదు. దాని సంగతేమిటో, ఆ ఊళ్ళో మనకు నిజంగా ఉన్న వంతు ఎంతో కాగితాల్లో ఉన్నంతవరకు కింద రాస్తున్నాను.

పేరు ఎలా వచ్చింది

1717 నుంచి 1720 వరకు సెయింట్ జార్జి కోట గవర్నరు జోసెఫ్ కాలెట్. అంతకుముందు సుమత్రా దీవిలోని బెంకూలెన్‌లో కంపెనీ వ్యవహారాలు చూశాడు. అక్కడి నుంచి మద్రాసుకు వచ్చాడు. ఆయన పేరు మీద వెలసింది కాలెట్‌పేట. జనం నోట నలిగి కాలడిపేట అయింది. తమిళంలో ‘కాలడి’ అంటే అడుగు, పాదం. విన్న చెవికి అర్థమున్న మాటగా తోచేసరికి అదే నిలబడిపోయింది. తిరువొత్తియూరు గుడికి ఆదిశంకరులు వచ్చారన్న ఐతిహ్యం ఒకటి ఉంది కనుక, ఆయన పుట్టిన కేరళ కాలడితో ముడిపెట్టేవాళ్ళూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది గానీ దానికి ఆధారం లేదు.

కాలెట్ రూపం ఎలా ఉండేదో కూడా మనకు తెలుసు. 1716లో అమోయ్ చిన్‌క్వా అనే చైనా శిల్పి ఆయన బొమ్మను మట్టితో చేసి రంగులు వేశాడు. నిలబడిన మనిషి, పెద్ద టోపీజుట్టు, జరీ అంచు కోటు. లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఇప్పటికీ ఉంది. మన బొమ్మల కొలువులో పెట్టినా ఒదిగిపోతుందేమో అనిపించే బొమ్మ.

ఆ నేల కంపెనీ చేతికి ఎలా వచ్చింది

1639లో చెన్నపట్నం స్థలాన్ని ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చినది దామర్ల వెంకటాద్రి నాయకుడు, తెలుగువాడు. ఈ మాట మనవాళ్ళు ప్రతి సభలోనూ చెబుతారు. అయితే తిరువొత్తియూరు ఆ పట్టాలో లేదు. అది 1708లో నవాబు దావూద్ ఖాన్ ఇచ్చిన అయిదు ఊళ్ళలో ఒకటి. మిగతావి నుంగంబాక్కం, వ్యాసర్పాడి, కత్తివాక్కం, సాత్తంగాడు. ఇచ్చినవాటిని మొగలు అధికారులు మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. కంపెనీ ఢిల్లీకి రాయబారం పంపి, ఫరూక్‌సియర్ పాదుషా దగ్గర ఫర్మానా తెచ్చుకుంది. 1717లో ఆ ఫర్మానా పట్టుకుని కాలెట్ ఆ ఊళ్ళను స్వాధీనం చేసుకోబోతే స్థానిక అధికారి ఎదురు తిరిగాడు. తిరువొత్తియూరు దగ్గర చిన్న పోరాటమే జరిగింది. కంపెనీ తరఫున లెఫ్టినెంటు జాన్ రోచ్ సిపాయిలను నడిపాడు, గెలిచాడు.

గెలిచిన నేల ఖాళీగా పడి ఉంటే మళ్ళీ ఎవడైనా వస్తాడు. జనాన్ని నింపితే పన్నూ వస్తుంది, సరుకూ వస్తుంది. 1719 నాటికి ఆ నేల మీద కొత్త పేట లేచింది. నూరుకు పైచిలుకు ఇళ్ళు, కొన్ని అంగళ్ళు, ఒక గుడి. నేసేవాళ్ళు, బట్ట మీద కలంతో బొమ్మలు వేసేవాళ్ళు, చలువ చేసేవాళ్ళు.

కంపెనీకి వాళ్ళు ఎందుకు అంతగా కావలసివచ్చారంటే, మద్రాసు వ్యాపారమంతా బట్ట మీదే నడిచేది. ఓడ రేవులో నిలిచే కాలం కొద్ది. ఆ లోపల మూటలు కట్టి సిద్ధంగా ఉండాలి. నేతగాళ్ళు దూరపు ఊళ్ళలో ఉంటే బయానా ఇచ్చిన డబ్బు ఏమైందో తెలియదు. దారిలో సుంకాలు, వేరే కొనుగోలుదారులు, కరువులు. కోటకు అయిదారు మైళ్ళలో నేతగాళ్ళు ఉంటే బయానా ఇచ్చిన మరునాడే గుమాస్తా వెళ్ళి మగ్గం మీద ఎంత దిగిందో చూసి రావచ్చు. అంటే ఆ ఊరు నేతగాడికి నీడా అయింది, కాపలా కూడా అయింది. చరిత్ర రాసేవాళ్ళు మొదటిదే రాస్తారు.

ఇంకొక సంగతి చూడండి. అదే 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు వీధుల్లోకి వచ్చి, హిందూదేశపు అద్దకపు బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ గౌన్లు చింపేశారు. మన బట్ట వచ్చి తమ మగ్గాలు పడుకున్నాయని వాళ్ళ కోపం. 1721లో ఇంగ్లండు పార్లమెంటు అద్దకపు నూలుబట్ట కట్టడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. ఇక్కడ గవర్నరు అద్దకంవాళ్ళకు ఇళ్ళు కట్టిస్తుంటే అక్కడ వాళ్ళ సరుకు మీద తలుపులు మూస్తున్నారు. తెల్లబట్టకు, వేరే దేశాలకు పోయే బట్టకు గిరాకీ మిగిలింది కనుక పేట బతికింది.

గుడి, గుమాస్తా

ఊరి నడుమ కల్యాణ వరదరాజ పెరుమాళ్ గుడి. చుట్టూ మాడ వీధులు, ముందు సన్నిధి వీధి. ఆ గుడి గురించి ఒక కథ చెబుతారు. కాలెట్ దగ్గర వీరరాఘవుడని ఒక ఉద్యోగి ఉండేవాడు. ఆయన కంచి వరదరాజస్వామి భక్తుడు. పూజ, ధ్యానం ముగిస్తే గానీ కచేరీకి వచ్చేవాడు కాదు, ఎప్పుడూ ఆలస్యమే. ఒకనాడు గవర్నరుకు కోపం వచ్చి, “అయితే ఇప్పుడు కంచిలో మీ స్వామి ఏం చేస్తున్నాడో చెప్పు” అన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని, ఉత్సవంలో రథం దారిలో నిలిచిపోయిందని చెప్పాడు. గవర్నరు మనిషిని పంపి కనుక్కుంటే ఆ వేళకు ఆ మాట నిజమే. అప్పుడు కాలెట్ ఆశ్చర్యపోయి, నీ స్వామిని ఇక్కడే కొలుచుకో అని గుడి కట్టించాడట.

ముప్పై ఏళ్ళు హాజరుపట్టీలో సంతకం పెట్టినవాణ్ణి కనుక ఈ కథ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఆలస్యానికి ఇంత గట్టి సంజాయిషీ మా ఆఫీసులో ఎవరూ ఇవ్వలేకపోయారు. అయితే ఇది స్థలపురాణమే, దస్తావేజు కాదు. కాలెట్ తన మతం విషయంలో పట్టుదల ఉన్న బాప్టిస్టు. అలాంటివాడి ఊళ్ళో గుడి లేవడానికి నాకు తోచే కారణం వేరు. గుడి లేని ఊళ్ళో నేతగాళ్ళు నిలవరు. పెళ్ళికీ ఉత్సవానికీ పాత ఊరికి పోయినవాడు తిరిగి రాకపోవచ్చు. ఈ సంగతి కంపెనీకి బాగా తెలుసు. పదిహేనేళ్ళ తరువాత, 1734లో, గవర్నరు మార్టన్ పిట్ కాలంలో కూవం వంపులో సుంకురాముడి తోటను తీసుకుని చింతాద్రిపేట కట్టినప్పుడు, అక్కడ ఎవరెవరు కాపురం ఉండవచ్చో జాబితా వేశారు. వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, అద్దేవాళ్ళు, చలువ చేసేవాళ్ళు, వాళ్ళతోపాటు బ్రాహ్మణులు, దేవదాసీలు, గుడి పరిచారకులు. గుడిని కూడా మగ్గానికి కావలసిన సామానులోనే లెక్కవేశారన్నమాట. ‘చిన్న తరి పేట’ అంటే తమిళంలో చిన్న మగ్గాల పేట. అదే మన పాత అచ్చు పుస్తకాల మీద చింతాద్రిపేటగా కనబడుతుంది. కాలడిపేటకు అది తమ్ముడి వరస.

మగ్గం ఎలా నడిచేది

ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక కొంచెం వివరంగా రాస్తాను. గుంటమగ్గం ఇంటి ముందు గదిలో, వీధి వెలుతురు పడే చోట ఉండేది. నేసేవాడు నేల అంచున కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలి తొక్కుళ్ళు తొక్కుతాడు, చేత్తో నాడె విసురుతాడు. పడుగు మాత్రం ఇంట్లో చేసే పని కాదు. తెల్లవారుజామున వీధి పొడుగునా కర్రలు పాతి, నూలు చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదరక ముందే చుట్టేయాలి. దానికి తిన్నని పొడుగాటి వీధి కావాలి, చెట్ల నీడ కావాలి, ఇంటిల్లిపాదీ కావాలి. అందుకే నేతగాళ్ళ వీధులన్నీ ఒకేలా ఉంటాయి. మంగళగిరిలో చూసినా కంచిలో చూసినా షోలాపూరులో చూసినా ఆ తిన్నదనం కనబడుతుంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల పోగు త్వరగా తెగదు. ఆ విధంగా కాలడిపేట నేతకు అనువైన చోటే.

ఇక్కడ మన భాష వస్తుంది. కంపెనీ కొనుగోలు పుస్తకాల్లో బట్ట నాణ్యాన్ని కొలిచిన మాట ‘పుంజం’. పడుగులో 120 పోగులైతే ఒక పుంజం. ఇన్ని పుంజాల బట్ట అంటే ఇంత ఒత్తు అని లెక్క. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను అలాగే తమ లిపిలో రాసుకున్నారు, లండన్ వేలంపాటలకూ అదే వెళ్ళింది. అది తెలుగు సాలీల మాట. మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ఎవరైనా గట్టి మనిషిని చూస్తే “వాడిది ఎక్కువ పుంజాల నేత” అనేవారు. ఊరి పేరు మనది కాదు గానీ ఊళ్ళో సరుకును కొలిచిన మాట మనది. దీన్ని వదిలేసి నేను ఆ రోజు సంచికలో లేని గొప్ప రాశాను.

అయితే దీన్నీ మితిమీరి లాగకూడదు. కంపెనీ కాగితాల్లో రాసుకున్నది వృత్తి, ఇంటి భాష కాదు. నేతపని చేసేవారిలో తెలుగు మాట్లాడే దేవాంగులూ పద్మశాలీలూ ఉన్నారు, తమిళం మాట్లాడే కైకోళ్ళూ ఉన్నారు. దేవాంగుల్లోనే కన్నడం ఇంటి భాషగా ఉన్నవారూ ఉన్నారు. ఒకే వీధిలో మూడు భాషలు వినబడడం ఉత్తర మద్రాసులో వింత కాదు. కాలడిపేటను ‘తెలుగువాళ్ళ ఊరు’ అనడం న్యాయం కాదు. తెలుగువాళ్ళకు చోటున్న నేతగాళ్ళ ఊర్ల వరసలో అదొకటి.

ఆ వరస దక్షిణంగా తండయారుపేట మీదుగా చాకలిపేట దాకా పోతుంది. చాకలిపేటలో కంపెనీ బట్టలు చలువ చేసేవారు. తరువాతి కాలంలో అక్కడే పిట్టి త్యాగరాయ చెట్టి మగ్గాల శాల నడిపారు. ఆయన తెలుగు ఇంటి భాషగా ఉన్న దేవాంగులు, 1852లో పుట్టారు, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులు. టీ నగర్‌కు ఆయన పేరే. ఆయన రాజకీయాలు అందరికీ తెలుసు గానీ, ఆ ఇంటి సంపాదన మద్రాసు రుమాళ్ళ ఎగుమతి మీద వచ్చిందన్నది చాలామందికి తెలియదు. గళ్ళ రుమాళ్ళు, ఎరుపూ నీలమూ పడుగుపేకలు, పశ్చిమ ఆఫ్రికాకు ఓడల మీద పోయేవి. పళవేర్కాడు నుంచి చీరాల దాకా ఈ రుమాళ్ళు నేసిన ఇళ్ళలో ఎక్కువ మన ఇళ్ళే. ఇప్పుడు మెట్రోలో కాలడిపేటకు పోతుంటే ముందు ‘త్యాగరాయ కాలేజీ’ స్టేషన్ వస్తుంది, కాసేపటికి కాలెట్ పేరు వస్తుంది. బట్ట కొన్న దొర పేరూ, బట్ట నేయించిన చెట్టిగారి పేరూ ఒకే లైను మీద ఉన్నాయి. నేసినవాళ్ళ పేరుతో మాత్రం స్టేషన్ లేదు.

మగ్గాలు ఒక్కరోజులో పోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో మాంచెస్టర్ మిల్లుబట్ట వచ్చింది, దారం కూడా మిల్లుదే అయింది. తరువాత చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. అగ్గిపెట్టెల విమ్‌కో, బుల్లెట్ మోటారుసైకిళ్ళ ఎన్‌ఫీల్డ్, టైర్ల ఎంఆర్ఎఫ్, ఎన్నూరులో లేలాండ్. 1955లో వెలగపూడి రామకృష్ణగారి కేసీపీ సంస్థ తిరువొత్తియూరులో యంత్రాల కర్మాగారం పెట్టింది. కృష్ణా జిల్లా ఉయ్యూరు చక్కెర మిల్లుతో మొదలైన సంస్థ అది. నాడె పట్టిన చేతుల కొడుకులు లేతు పట్టారు. నెలజీతం, ప్రావిడెంటు ఫండు, ఆదివారం సెలవు. గుంటమగ్గం గుంటను సిమెంటుతో పూడ్చి, పైన మంచం వేశారు. ఆ ఇళ్ళలో గచ్చు ఒకచోట రంగు తేడాగా కనబడితే అక్కడ మగ్గం ఉండేదని ఒక పెద్దావిడ నాకు చూపించింది.

గుడిలో పాట, బడిలో భాష

పక్కనే తిరువొత్తియూరు త్యాగరాజస్వామి గుడి చాలా పాతది, చోళుల శాసనాలున్నది. అక్కడి అమ్మవారు త్రిపురసుందరి, వడివుడై అమ్మన్. మన త్యాగయ్యగారు ఆ ఊరు వచ్చి అమ్మవారి మీద అయిదు కీర్తనలు చెప్పారు. కల్యాణి, బేగడ, ఆరభి, సావేరి, శుద్ధసావేరి రాగాలలో. తిరువొత్తియూరు పంచరత్నాలని పేరు. అయిదూ తెలుగే. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యరు కూడా వర్ణాలూ కీర్తనలూ తెలుగులోనే రాశారు. ఆయన కొడుకును తిరువొత్తియూరు త్యాగయ్యరు అనే పిలిచేవారు. నవరాత్రుల్లో తమిళ ఇళ్ళ పిల్లలు ఆ కీర్తనలను తప్పు లేకుండా పాడుతుంటే, పక్కన కూర్చున్న మన పిల్లలు అర్థం అడుగుతారు. నిజానికి వాళ్ళే చెప్పగలగాలి.

అలా చెప్పలేకపోవడానికి కారణాలు మనకు తెలిసినవే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు తెలుగువాళ్ళం మైనారిటీ అయ్యాం. తెలుగు బళ్ళు ఒక్కొక్కటే తగ్గాయి. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం ఒకటో తరగతి నుంచి ఏటేటా పైకి వెళ్ళి 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మైనారిటీ భాషల పిల్లల కోసం కోర్టులకు పోయి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ గొడవలో నేను తిరిగిన ఆఫీసుల సంగతి ఇక్కడ అనవసరం. ఒకటి మాత్రం చెబుతాను. ఎక్కడికి వెళ్ళినా అడిగేది ఒకటే: మీరు ఎంతమంది, ఎన్నాళ్ళుగా ఉన్నారు, రుజువేది? 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవారు 42 లక్షలకు పైగా. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఆ గడిలో తమిళం అని చెప్పినవాళ్ళు ఆ లెక్కలో లేరు. ‘ఇక్కడివాళ్ళమే కదా, ఎందుకు గొడవ’ అని అలా చెప్పే ఇళ్ళు నా ఎరికలోనే చాలా ఉన్నాయి. ఇక్కడివాళ్ళమే, నిజమే. మూడు వందల ఏళ్ళ కిందటి మగ్గపు గుంట మీద మంచం వేసుకుని పడుకున్నవాళ్ళం ఇక్కడివాళ్ళం కాక మరెక్కడివాళ్ళం? ఇంటి భాష తెలుగని చెప్పినంత మాత్రాన ఆ హక్కు పోదు.

ఇప్పటి ఊరు

కాలడిపేట చాలాకాలం నగరం బయటే ఉండిపోయింది. చెంగల్పట్టు జిల్లాలో, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో, తిరువొత్తియూరు మునిసిపాలిటీ కింద నడిచింది. 2011లో కార్పొరేషన్‌లో కలిసింది, 2018లో చెన్నై జిల్లాలోకి వచ్చింది. 2021 ఫిబ్రవరి 14న మెట్రో వచ్చింది. కోట గవర్నరు కట్టించిన ఊరు కోట ఉన్న జిల్లాలోకి రావడానికి దాదాపు మూడు వందల ఏళ్ళు పట్టింది. హైరోడ్డు మీద కంటైనరు లారీల రొద ఉంది. లోపలి మాడ వీధుల్లోకి తిరిగితే ఆ చప్పుడు తగ్గుతుంది. ఇళ్ళు చాలావరకు రెండు మూడు అంతస్తులైనాయి. వీధులు మాత్రం తిన్నగానే ఉన్నాయి.

చివరగా సంఘం తరఫున ఒక మనవి. మీ ఇంట్లో అటక మీద పాత నాడె, అచ్చు, కండెలు, తెలుగులో రాసిన పద్దు పుస్తకం, ఇంటి దస్తావేజు ఏదైనా ఉంటే పాతసామానువాడికి వేయకండి. ఫోటో తీసి, ఎవరిదో, ఏ వీధిదో, సుమారు ఏ కాలానిదో వెనక రాసి ఉంచండి. కాలడిపేటదే కానక్కరలేదు, చింతాద్రిపేటదైనా చాకలిపేటదైనా సరే. వచ్చే సంచికలో నా పాత వ్యాసానికి సవరణ వేస్తున్నాం. దాని పక్కన అచ్చు వేయడానికి నా దగ్గర ప్రస్తుతం ఉన్నది ఒక్క విరిగిన నాడె ఫోటో మాత్రమే.